టికెట్ లేని తిరునాళ్లు

ఉదయం ఎనిమిదిన్నర. బ్రస్సెల్స్‌లో అప్పుడప్పుడే తెల్లవారుతోంది. ఊరి మధ్య నుంచి బయల్దేరిన 71వ నంబరు బస్సులో కాలు పెట్టే సందు లేదు. అందరి వీపుల మీదా సంచులే. సంచుల మీద, ల్యాప్‌టాప్ మూతల మీద రంగురంగుల స్టిక్కర్లు. పెంగ్విన్లు, నక్కలు, ఏనుగులు... చిన్నపిల్లల పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు! జర్మన్, ఫ్రెంచి, పోలిష్, ఇంకా ఏవేవో భాషల కలగాపులగం. ఆ గోలలో ఓ మూల నుంచి తెలుగు మాటలు వినిపించాయి.

‘‘స్టాపు దాటిపోతామేమో సార్?’’

‘‘ఏం దాటం. ఈ బస్సులో అందరూ దిగేదే మన స్టాపు.’’

ఆ మాట నిజమే అయింది. యూనివర్సిటీ స్టాపు రాగానే బస్సు మొత్తం ఖాళీ. హైదరాబాదు నుంచి వచ్చిన ఐదుగురూ ఆ జనంతో పాటే కొట్టుకుపోయారు. వాళ్లది చిన్న వెబ్ డెవలప్‌మెంట్ బృందం. ఇద్దరు ప్రోగ్రామర్లు, ఒక డిజైనరు, టెస్టింగ్ చూసే అమ్మాయి, వీళ్లందరికీ పెద్దదిక్కుగా నలభై దాటిన టీమ్ లీడరు. 2025 ఫిబ్రవరి 1, 2 తేదీల్లో జరిగిన ‘ఫాస్‌డెమ్’కి వచ్చారు వాళ్లు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి యూరప్‌లో జరిగే పెద్ద సంబరాల్లో అదొకటి.

గేటు దగ్గర వాళ్లు అలవాటు కొద్దీ పాస్‌పోర్టులు బయటికి తీశారు. చూసేవాళ్లెవరూ లేరు! టికెట్ లేదు, మెడలో వేసుకునే బిళ్ల లేదు, పేరు నమోదు అసలే లేదు. మన ఊళ్లో తిరునాళ్లకు వెళ్లినట్టే... వచ్చినవాడు వచ్చినట్టు లోపలికి వెళ్లిపోవడమే.

బుర్ర చాలదనుకున్నాడు!

ఈ తిరునాళ్లు మొదలైన తీరు తమాషాగా ఉంటుంది. రఫాయెల్ బోడ్విన్ అనే బెల్జియం యువకుడికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే ప్రాణం. ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని రాసినవాళ్లే లోకానికి వదిలేసే ప్రోగ్రాములవి. వాటికి తానూ ఏదో ఒకటి చేయాలనుకున్నాడు. కానీ అంత గొప్ప కోడ్ రాసే బుర్ర తనకు లేదనిపించింది. మరేం చేయాలి? రాసేవాళ్లందరినీ తన ఊరికి పిలిచి ఒకచోట కూర్చోబెడితే సరి అనుకున్నాడు. 2001లో తొలి సమావేశం జరిగింది. అప్పుడు దాని పేరు ‘ఆస్‌డెమ్’. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి గుర్తుగా ముందు ‘ఫ’ చేరి తర్వాత ఫాస్‌డెమ్ అయింది.

అప్పటి నుంచి ఏటా చలికాలంలో ఓ శని, ఆదివారాలు జరుగుతోంది. కొవిడ్ వల్ల 2021, 2022ల్లో మాత్రం తెరల మీదే నడిచి, 2023లో మళ్లీ మనుషుల మధ్యకు వచ్చింది. వచ్చేవాళ్లు ఎనిమిది వేలకు పైమాటేనని అంచనా. అంచనా అనడమే సబబు. పేర్లే రాసుకోనప్పుడు లెక్క తేలేదెలా?

విరాళాలు, స్పాన్సర్లు, టీషర్టుల అమ్మకం... ఖర్చులన్నీ వాటితోనే. గదుల దగ్గర నిలబడేవాళ్లు, కెమెరా పట్టేవాళ్లు, చివర్లో చెత్త ఎత్తేవాళ్లు అందరూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే.

ఒకే పేరు... మూడు లెక్కలు

ఈ ఐదుగురూ ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? దాని వెనక ఓ కథ ఉంది.

వాళ్లు ఓ ఆసుపత్రికి వెబ్‌సైటు చేసిపెట్టారు. డాక్టరు గది ముందు ఉండే తెర మీద రోగి టోకెన్ నంబరు, పేరు తెలుగులో కనిపిస్తాయి. తెర చిన్నది. అందుకని పేరులో మొదటి ఎనిమిది అక్షరాలే చూపించి, తర్వాత మూడు చుక్కలు పెట్టమని ప్రోగ్రామరు కోడ్ రాశాడు. ఎనిమిది అక్షరాలంటే తెలుగులో బోలెడు కదా అనుకున్నాడు.

టెస్టింగ్ చూసే అమ్మాయి ఓ రోజు ఆసుపత్రికి వెళ్లి వరండాలో కూర్చుంది. తెర మీద ‘మహాలక్ష్...’ అని వెలిగింది. ఇద్దరు పెద్దవాళ్లు ఒకేసారి లేచారు. ఒకరి పేరు మహాలక్ష్మి, రెండో ఆవిడ మహాలక్ష్మమ్మ! నర్సు టోకెన్లు చూసి సరిచేసింది కాబట్టి ఏమీ కాలేదు. ఒకరి మందు ఇంకొకరికి వెళ్తే? ఆ రాత్రి ఆ అమ్మాయికి నిద్ర పట్టలేదు.

తప్పు ఎక్కడుందంటే, మనం అక్షరాలను లెక్కపెట్టే తీరు వేరు, కంప్యూటరు లెక్కపెట్టే తీరు వేరు. ప్రపంచ భాషలన్నిటికీ అంకెలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 128 గళ్లున్నాయి. హల్లుకో అంకె, గుణింతపు గుర్తుకో అంకె, ఒత్తు రావాలంటే మధ్యలో పొల్లుకి ఇంకో అంకె. ‘మహాలక్ష్మమ్మ’ అనే పేరు మన కంటికి మ, హా, ల, క్ష్మ, మ్మ... ఐదే అక్షరాలు. కంప్యూటరుకి మాత్రం పన్నెండు ముక్కలు! ఎనిమిదో ముక్క దగ్గర కత్తిరిస్తే ‘క్ష్మ’ నడుం విరిగి ‘క్ష్’ మిగులుతుంది.

ఎనిమిదిని పన్నెండు చేసి చూశారు. ఇంకో పేరు తెగింది. పదిహేను చేస్తే పేరు తెర దాటిపోయింది. ‘అక్షరాన్ని అక్షరంగా’ లెక్కపెట్టే పద్ధతి ఎక్కడైనా ఉందా? ఉంటే ఆసుపత్రిలోని పాత కంప్యూటర్లలో పనిచేస్తుందా? ఆఫీసులో ఎవరికీ గట్టిగా తెలియదు.

అప్పుడే టీమ్ లీడరు ఫాస్‌డెమ్ మాట ఎత్తాడు. లాభాల్లో కొంత తీసి పక్కన పెట్టి, ఐదుగురికీ టికెట్లు కొన్నాడు. ‘‘నాకెందుకు సార్? నాకు కోడ్ రాయడం రాదు’’ అని ఆ అమ్మాయి వెనకాడింది. ‘‘రాసిన వాళ్లెవరికీ కనిపించని తప్పు పట్టింది నువ్వే కదమ్మా’’ అన్నాడాయన. ఇంట్లో అమ్మ మాత్రం ‘‘అంత దూరం పోయి ఒక పేరు గురించి అడుగుతావా?’’ అని ఆశ్చర్యపోయింది. ఆశ్చర్యపోతూనే సంచిలో గోంగూర పచ్చడి సీసా పెట్టింది.

తెలుగు అక్షరం కంప్యూటర్లను తికమక పెట్టడం కొత్తేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ని పోలిన ఓ అక్షరాల కూర్పు మెసేజీగా వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఫోన్లు ఆగిపోయాయి కాబట్టి ఆ తప్పు లోకానికి తెలిసింది. వరండాలో ఇద్దరు పెద్దవాళ్లు ఒకేసారి లేచి నిలబడితే ఎవరికి తెలుస్తుంది?

రెండు భాషల ఊరు

భాష గురించి అడగడానికి బ్రస్సెల్స్‌ని మించిన చోటు లేదేమో! ఇక్కడ ప్రతి వీధికీ రెండు పేర్లు. పైన ఫ్రెంచిలో, కింద డచ్చిలో. ఊరి పేరే ఫ్రెంచివాళ్లకు ‘బ్రుసెల్’, డచ్చివాళ్లకు ‘బ్రస్సల్’. రైల్వేస్టేషన్ బోర్డులూ అంతే. కొత్తగా వెళ్లినవాళ్లు ఒకే స్టేషన్ని రెండనుకుని కంగారుపడటం మామూలే.

ఫాస్‌డెమ్ జరిగే విశ్వవిద్యాలయానిదీ భాష కథే. 1834లో పుట్టిన ఈ విద్యాలయంలో మొదట ఫ్రెంచిదే పెత్తనం. డచ్చి మాట్లాడేవాళ్లు మా భాషలోనూ చదువు కావాలని పట్టుబట్టారు. చివరికి 1969-70ల్లో అది రెండు ముక్కలైంది. ఫ్రెంచికి ఒకటి, డచ్చికి ఒకటి. పేరు మాత్రం రెండిటికీ ఒకటే... ‘బ్రస్సెల్స్ స్వేచ్ఛా విశ్వవిద్యాలయం’. అర్థం మారదు, భాషే వేరు. వీటిలో ఫ్రెంచి విద్యాలయపు సోల్‌బోష్ ప్రాంగణమే ఈ తిరునాళ్ల వేదిక.

తలుపు మీద కాగితం

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకి ‘జాన్సన్’ అనే పెద్ద హాల్లో స్వాగతం. వెయ్యి మందికి పైగా పట్టే హాలు అది. ఆ తర్వాత తేనెటీగల్లా అందరూ గదులకు చెదిరిపోయారు. ఒక్కో గదిలో ఒక్కో విషయం. వందల కొద్దీ ప్రసంగాలు రెండు రోజుల్లోనే జరగాలి. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి చలిలో పరుగులు. ‘కె’ భవనంలో ప్రాజెక్టుల స్టాళ్లు. మన పుస్తక ప్రదర్శనలా బల్లలు వేసుకుని, ఎదురుగా నిలబడ్డవాళ్లతో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లే మాట్లాడతారు.

ప్రోగ్రామర్లిద్దరూ ఇంట్లోంచే జాబితా రాసుకొచ్చారు. పదిన్నరకి ఇది, పదకొండుకి అది, పన్నెండుకి ఇంకోటి. బృందానికి కావాల్సిన వెబ్ గది దగ్గరికి వెళ్లేసరికి తలుపు మీద ఓ కాగితం అంటించి ఉంది. ‘గది నిండింది’ అని! ఫాస్‌డెమ్‌లో ఈ కాగితం చాలా ప్రసిద్ధి. అగ్నిప్రమాద నిబంధనల వల్ల కుర్చీలు నిండాక ఇంకొకరిని రానివ్వరు. లోపలివాడు బయటికొస్తేనే బయటివాడు లోపలికి.

అరగంట నిలబడ్డారు. తలుపు తెరుచుకోలేదు. ఇంకో గదికి పరుగెత్తారు. అక్కడా అదే కాగితం. మూడో గదిలో చోటు దొరికింది కానీ, అది వాళ్లకి సంబంధం లేని విషయం. సాయంత్రానికి ఐదుగురి ముఖాల్లోనూ నీరసం. ‘‘ఇవన్నీ వీడియోల్లో ఉచితంగా వస్తాయి కదన్నా. ఇంట్లో కూర్చుని చూసేవాళ్లం’’ అన్నాడు కుర్ర ప్రోగ్రామరు. నిజమే, అక్కడ ప్రసంగాలను రికార్డు చేసి ఎవరైనా చూసేందుకు ఉచితంగానే పెడతారు. టీమ్ లీడరు ఏమీ అనలేదు. టికెట్ల డబ్బు ఆయనకూ గుర్తొచ్చే ఉంటుంది.

ఇంకో చిన్న విచిత్రం. అక్కడి వైఫైకి కలిపితే డిజైనరు ఫోనులో కొన్ని సైట్లు తెరుచుకోలేదు. ఆరా తీస్తే తెలిసింది... ‘ఫాస్‌డెమ్’ అనే వైఫైలో కొత్తతరం ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి ఐపీవీ6 ఒక్కటే ఉంటుంది. పాత పద్ధతి కూడా కావాలంటే ఇంకో పేరున్న వైఫైకి వెళ్లాలి. తమ ప్రోగ్రాము కొత్త పద్ధతిలో నడుస్తుందో లేదో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి అక్కడికక్కడే తెలిసిపోవాలని ఆ ఏర్పాటు! పాఠం చెప్పే పద్ధతుల్లో ఇదొకటి.

వేపుడు ముక్కలు... మాంసపు కొవ్వు

ప్రాంగణంలో తిండి బళ్లకు కొదవలేదు. బెల్జియం అంటేనే ఆలుగడ్డ వేపుళ్లు. వేడివేడి ముక్కల మీద మయోనైజు వేసి కాగితపు పొట్లంలో ఇస్తారు. చలిలో ఆ పొట్లం చేత్తో పట్టుకుంటేనే సగం ఆకలి తీరుతుంది. అయితే శాకాహారులు ఓ మాట అడిగి తినడం మంచిది. సంప్రదాయ పద్ధతిలో వీటిని ఎద్దు కొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించే దుకాణాలూ ఉంటాయి. అడిగితే దాచకుండా చెబుతారు.

వాఫిళ్లలో రెండు రకాలు. బ్రస్సెల్స్ వాఫిల్ తేలిగ్గా, కరకరలాడుతూ ఉంటుంది. లీజ్ వాఫిల్ ముద్దగా, చక్కెర పలుకులతో మన బెల్లప్పచ్చిలా నోటికి నిండుగా తగులుతుంది. ఆ రాత్రి బసలో బ్రెడ్డుకు గోంగూర పచ్చడి రాసుకుని తిన్నాక గానీ ఐదుగురికీ ప్రాణం లేచి రాలేదు.

పచ్చడి సీసా ఖాళీ అయ్యేలోపు ఓ నిర్ణయం జరిగింది. రేపు గదుల వెంట పరుగులు లేవు. జాబితా చింపేయాలి. అడగాల్సింది ఒక్కటే ప్రశ్న. అది అడిగేది ఆ అమ్మాయే.

‘ఐదు సరైనదేనా?’

ఆదివారం ఉదయం. ‘కె’ భవనంలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఓ బ్రౌజర్ స్టాలు ముందు ఆ అమ్మాయి నిలబడింది. బల్ల వెనక గడ్డం పెరిగిన మనిషి. ఏం చెప్పాలో తోచక, నోటుపుస్తకంలో పెద్దక్షరాలతో ‘మహాలక్ష్మమ్మ’ అని రాసి చూపించింది. కింద ‘మహాలక్ష్...’ అని రాసింది. వరండాలో జరిగింది వచ్చిన ఇంగ్లిషులో చెప్పింది.

అతను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. విని, ల్యాప్‌టాప్‌ని ఆమె వైపు తిప్పాడు. ఆ పేరు టైపు చేయమన్నాడు. తర్వాత రెండు వరుసల కోడ్ కొట్టాడు. మామూలుగా లెక్కిస్తే 12 వచ్చింది. ‘సెగ్మెంటర్’ అనే సదుపాయంతో లెక్కిస్తే 5 వచ్చింది.

ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లు వెతుకుతున్నది బ్రౌజర్‌లోనే ఉంది!

ఆ సదుపాయం 2020 నుంచి ఒక్కో బ్రౌజర్‌లోకీ వస్తోంది. ముఖ్యమైన వాటిలో చివరగా ఫైర్‌ఫాక్స్ 2024 ఏప్రిల్‌లో చేర్చింది. అయితే అది వాడే నియమాల్లోనే ఓ లోటు ఉండేది. పాత నియమం ప్రకారం మహాలక్ష్మమ్మకి లెక్క 8. ప్రతి పొల్లు దగ్గరా అక్షరం అయిపోయినట్టే లెక్క. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో ఆ నియమం మారింది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో ఒత్తులతో కూడిన అక్షరాన్ని విడదీయకూడదని చేర్చారు. అంటే ఆసుపత్రిలోని పాత బ్రౌజర్లను కొత్తవాటికి మార్చాలి, కోడ్‌లో కత్తిరించే పద్ధతి మార్చాలి. పని అంతే.

‘‘ఇంతేనా!’’ అనుకుని ప్రోగ్రామర్లు నవ్వుకుంటుంటే, ఆ గడ్డపాయన ఓ ప్రశ్న వేశాడు. ‘‘ఈ ఇబ్బంది గురించి మీరు ఎప్పుడైనా మాకు రాశారా?’’

ఎవరూ మాట్లాడలేదు. రాయలేదు. పదేళ్లుగా ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల మీదే వాళ్ల బతుకుదెరువు. తీసుకున్నదే తప్ప తిరిగిచ్చింది ఒక్క ముక్కా లేదు.

‘‘మాలో తెలుగు చదవగలిగేవాళ్లు లేరు. తెర మీద 5 అని వచ్చింది. అది సరైనదో కాదో చెప్పాల్సింది మీరే. కోడ్ అక్కర్లేదు. కష్టమైన మాటలు కొన్ని, వాటి పక్కన సరైన లెక్క. అవి చాలు మాకు’’ అన్నాడతను.

ఆ మాట అతను చూస్తూ అన్నది ప్రోగ్రామర్లను కాదు. నోటుపుస్తకం పట్టుకున్న అమ్మాయిని.

ఆదివారం సాయంత్రం ముగింపు అయ్యాక ఐదుగురూ వెంటనే బస్సెక్కలేదు. స్వచ్ఛంద కార్యకర్తలు కుర్చీలు సర్దుతుంటే, చెత్త సంచులు పట్టుకుని వాళ్లతో కలిశారు. అడిగినవాళ్లెవరూ లేరు. ‘ఊరికే వెళ్లబుద్ధి కాలేదు’ అన్నాడు టీమ్ లీడరు తర్వాత.

ఊరు చూడకుండా వెళ్తే ఎలా?

సోమవారం మధ్యాహ్నం విమానం. ఉదయం దొరికిన కాస్త సమయంలో ‘గ్రాండ్ ప్లాస్’ చూశారు. బంగారు పూతల భవనాలు నలువైపులా కోటగోడలా నిలబడ్డ చౌరస్తా ఇది. 1695లో ఫ్రెంచి సేనలు ఫిరంగులతో దీన్ని చాలావరకు నేలమట్టం చేశాయి. రొట్టెలు చేసేవాళ్లు, సారా కాచేవాళ్లు, పడవలు నడిపేవాళ్లు... ఇలా వృత్తిసంఘాల వాళ్లు ఎవరి భవనం వాళ్లు మళ్లీ కట్టుకున్నారు. కొద్ది ఏళ్లలోనే చౌరస్తా లేచి నిలబడింది. 1998లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. తలా ఒక చెయ్యి వేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఫాస్‌డెమ్ ఒక్కటే సాక్ష్యం కాదన్నమాట.

నాలుగడుగులు వేస్తే ‘మానెకెన్ పిస్’. మూత్రం పోస్తున్న చిన్నపిల్లాడి కంచు బొమ్మ. ప్రపంచ ప్రసిద్ధమని విని పెద్ద విగ్రహం ఊహించుకుని వెళ్తే, ఉండేది రెండడుగులు. ‘‘ఇంతేనా!’’ అనడం అక్కడ ఆనవాయితీ. సమయం ఉంటే ఆటోమియం చూడొచ్చు. 1958 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన 102 మీటర్ల కట్టడం. తొమ్మిది గోళాలతో ఇనుప అణువుల అమరికలా ఉంటుంది.

వెళ్లాలనుకుంటే...

హైదరాబాదు నుంచి బ్రస్సెల్స్‌కి నేరుగా విమానం లేదు. దుబాయ్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారాలి. షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి దాని రుసుము 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. చలికోటు, గొడుగు మరిచిపోవద్దు. పిల్లలున్నవాళ్లకి ఓ కబురు... 2023 నుంచి ‘ఫాస్‌డెమ్ జూనియర్’ పేరుతో పిల్లల కోసమూ తరగతులు నడుపుతున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రసంగాల జాబితా కాదు. వెంట తీసుకెళ్లాల్సింది మీ సొంత ప్రశ్న ఒకటి.

తిరుగు విమానంలో నలుగురూ నిద్రపోయారు. ఆ అమ్మాయి మాత్రం దీపం వేసుకుని నోటుపుస్తకంలో రాస్తూ కూర్చుంది. ‘జ్యోత్స్న’... ముక్కలు 9, అక్షరాలు 2. ‘మహాలక్ష్మి’... ముక్కలు 10, అక్షరాలు 4. చుట్టాల పేర్లు, ఊళ్ల పేర్లు, ఒత్తుకి ఒత్తు ఉన్న మాటలు. దిగేసరికి రెండు పేజీలు నిండాయి. ఇంటికొచ్చిన వారంలో ఆ జాబితా చేరాల్సిన చోటికి చేరింది. ఆమె చేసిన మొదటి ‘ఓపెన్ సోర్స్’ పని అదే. అందులో కోడ్ ఒక్క వరుసా లేదు.

ఆసుపత్రి తెర మీద ఇప్పుడు పేర్లు తెగడం లేదు. ఎనిమిది అక్షరాలంటే నిజంగా ఎనిమిది అక్షరాలే. మహాలక్ష్మిని పిలిస్తే మహాలక్ష్మి లేస్తుంది. మహాలక్ష్మమ్మ తన పేరు వచ్చేదాకా నిదానంగా కూర్చుంటుంది.

‘‘అడిగొచ్చావా ఆ పేరు సంగతి?’’ అంది అమ్మ, ఖాళీ సీసా సంచిలోంచి తీస్తూ.

‘‘అడిగానమ్మా. వాళ్లే ఇంకొన్ని పేర్లు రాసివ్వమన్నారు.’’